పక్క చేను బేరానికొచ్చింది: కొనాలా, ఆగాలా?

పొద్దున్నే ఫోన్ వస్తుంది. "అన్నా, మీ డొంకలోనే ఎకరం ఇరవై సెంట్లు బేరానికొచ్చింది. ఇవాళ టోకెన్ వేస్తే మనది. ఆగితే ఇంకో పది పెరుగుద్ది." పది అంటే పది లక్షలు. గుంటూరు, తెనాలి, మంగళగిరి చుట్టుపక్కల పొలం ఉన్నవాళ్లలో చాలామందికి ఈ ఫోన్ కొత్త కాదు. 2024 జూన్‌లో ప్రభుత్వం మారగానే అమరావతి మీద మొదలైన ఊపు, 2025 మే 2న ప్రధాని వచ్చి పనులు మళ్లీ మొదలుపెట్టాక ఇంకా ఎక్కువైంది. ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరుకు 57 కిలోమీటర్ల రైలు మార్గం, ఔటర్ రింగ్ రోడ్డు, ఇలా ఏ పేరు వినబడినా ఆ పక్క ఊళ్లలో రేటు కదులుతోంది.

ఇప్పటికే రెండో మూడో ఎకరాలుండి, ఇంకో ఎకరం కొందామా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ప్లాట్ల వ్యాపారం చేసేవాళ్లకు ఇందులో పనికొచ్చేది పెద్దగా ఉండదు. ఫోన్ రాగానే అవునని గానీ కాదని గానీ చెప్పకండి. "పది రోజులు టైమివ్వు" అనండి. పది రోజులు ఆగని బేరం పోతే పోనివ్వండి. మన చుట్టుపక్కల ఏదో ఒక పొలం ఎప్పుడూ అమ్మకానికి ఉంటూనే ఉంటుంది.

మొదటి రోజు: ఎందుకు కొంటున్నాం?

ఇంట్లో అందరూ కూర్చుని ఒక్క ప్రశ్న తేల్చుకోండి. దున్నడానికా, దాచుకోవడానికా? రెండూ అని మాత్రం అనొద్దు. దున్నడానికైతే నీళ్లు, దారి, మట్టి చూడాలి. దాచుకోవడానికైతే మళ్లీ అమ్మేటప్పుడు ఎవరు కొంటారో చూడాలి. రెండూ కావాలనుకున్నవాళ్లు సాధారణంగా నీళ్లు రాని పొలాన్ని రోడ్డు వస్తుందన్న ఆశతో కొని, అటూ ఇటూ కాకుండా పోతారు. అబ్బాయి బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగం చేస్తుంటే, మీ తర్వాత ఆ చేలోకి ఎవరు దిగుతారన్నది కూడా ఆ రోజే మాట్లాడుకోండి. వాడిని కూడా ఫోన్‌లో కలపండి. తీరా కొన్నాక "నన్నెవరు అడిగారు?" అంటాడు.

రెండో రోజు: కౌలు లెక్క

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. కాగితం, పెన్ను ఉంటే చాలు.

మనం కట్టే రేటులో రెండు ధరలు కలిసి ఉంటాయి. ఒకటి ఆ మట్టిలో పండే పంట ధర. రెండోది, రేపు ఎవరో ఇంతకంటే ఎక్కువకు కొంటారన్న ఆశ ధర. ఈ రెండిటినీ విడదీసి చూపించేది కౌలు. కౌలు రైతుకు రింగు రోడ్డుతో పనిలేదు. ఈ ఏడు ఎన్ని బస్తాలు పండుతాయో, తనకెన్ని మిగులుతాయో చూసుకునే ఆయన బేరమాడతాడు.

పశ్చిమ డెల్టాలో వరి, దాని మీద మొక్కజొన్నో జొన్నో పండే ఎకరం ఉందనుకుందాం. కౌలు ఏడాదికి 20 బస్తాలు అనుకుందాం. మీ ఊళ్లో ఎంత నడుస్తుందో అది వేసుకోండి. బస్తా 75 కిలోలు. 2025-26కి సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాకు 2,369 రూపాయలు, అంటే బస్తా 1,777. ఇరవై బస్తాలకు 35,540 రూపాయలు. పొలం రేటు ఎకరం 60 లక్షలు చెబుతున్నారనుకోండి. మీరు పెట్టే ప్రతి నూరు రూపాయలకు ఏడాదికి వచ్చేది అరవై పైసలు కూడా కాదు. అదే 60 లక్షలు ఆరున్నర శాతానికి బ్యాంకులో వేస్తే 3,90,000 వస్తాయి.

ఇప్పుడు ఈ లెక్కనే తిరగేయండి. ఆరున్నర శాతం వడ్డీతో 35,540 తెచ్చే అసలు ఎంత? దాదాపు ఐదున్నర లక్షలు. అంటే మీరు కట్టే 60 లక్షల్లో పంట ధర ఐదున్నర. మిగతా యాభై నాలుగున్నర లక్షలు ఆశ.

"కౌలుకిస్తే అంతే, నేనే చేసుకుంటే ఇంకా ఎక్కువ మిగులుతుందిగా" అంటారు. మిగలొచ్చు. కానీ ఆ ఎక్కువ మీ కష్టానికి వచ్చిన కూలి. అదే చేను కౌలుకు తీసుకుని చేసినా ఆ కూలి మీకు వస్తుంది. కాబట్టి నాలుగెకరాల పనికి సరిపడా ట్రాక్టరు, మనుషులు, ఓపిక ఉండి రెండెకరాలే ఉన్నవాళ్లు, కొనే ముందు పక్క చేను కౌలుకు అడిగి చూడండి. 2019 నాటి సాగుదారు హక్కుల చట్టం కింద 11 నెలలకు కార్డు ఇస్తారు, పంట రుణానికి, బీమాకు పనికొస్తుంది. దానికి యజమాని సంతకం కావాలి, అడిగితే చాలామంది ఇవ్వరు. ఆ తలనొప్పి నాకూ తెలుసు.

ఈ లెక్క చూసి పొలం కొనొద్దని చెప్పడం లేదు. మా తాత కౌలు లెక్క వేసి కొని ఉంటే మాకు సెంటు భూమి కూడా ఉండేది కాదు. ఆశ ధర కట్టేటప్పుడు అది ఆశ ధరేనని తెలిసి కట్టండి. ఆ డబ్బు అప్పు తెచ్చింది కాకుండా చూసుకోండి.

పక్క చేను విషయంలో మాత్రం ఊరి రేటు కంటే కొంచెం ఎక్కువ పెట్టినా నేను తప్పు పట్టను. గట్టు తీసేస్తే రెండూ ఒకే మడి అవుతాయి. మీ బోరుతో రెండు చోట్లా తడుస్తుంది. దారి మీదే, కొత్తగా వచ్చే పొరుగువాడితో తగాదా ఉండదు.

అప్పు దగ్గర ఆగండి

నా సంగతి చెబుతాను. 2019 అక్టోబరులో తాడికొండ వైపు ఒక ఎకరం బేరమాడాను. అప్పటికే రేట్లు దిగాయి. "తగ్గినప్పుడే కదా కొనాల్సింది" అనుకున్నాను, నా తెలివికి నేనే మురిసిపోయాను. ఐదు లక్షలు అడ్వాన్సు, ఆరు నెలల గడువు. అందులో మూడు లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవి. డిసెంబరు 17న అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వచ్చింది. నెల తిరిగేసరికి ఆ పొలాన్ని నేను ఒప్పుకున్న రేటుకు చూడ్డానికి కూడా ఎవరూ రాలేదు. అమ్మినాయన మిగతా డబ్బు కట్టమన్నాడు, ఆయనకి కూతురి పెళ్లి. ఆయన తప్పేం లేదు. కడితే మునిగిపోతాను, కట్టకపోతే అడ్వాన్సు పోతుంది. చివరికి అడ్వాన్సే వదులుకున్నాను. మా ఆవిడ ఇప్పటికీ ఆ ఐదు లక్షల్ని "మన తాడికొండ పొలం" అంటుంది.

అందుకే ఈ లెక్క కూడా వేయండి. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం. చక్రవడ్డీ కట్టుకుంటే ఆరేళ్లకు అప్పు దాదాపు రెట్టింపు. ఆరేళ్లలో పొలం రేటు కూడా రెట్టింపైతే మీకు మిగిలేది ఏమీ లేదు, రిజిస్ట్రేషన్ ఖర్చు చేతినుంచి పోయినట్టే. రెండు రూపాయల వడ్డీ అయితే అప్పు రెట్టింపు కావడానికి నాలుగేళ్లు కూడా పట్టదు.

పంట రుణం తీసి పొలానికి పెట్టే అలవాటు మన దగ్గర ఎక్కువ. గడువులోగా కడితే మూడు లక్షల వరకు నాలుగు శాతమే పడుతుంది కాబట్టి ఆశ పుడుతుంది. కానీ తొలకరికి విత్తనం, ఎరువు ఎక్కణ్నుంచి తెస్తారు? మిర్చి వేసేవాళ్లకైతే ఎకరానికి పెట్టుబడే లక్షన్నర దాటుతోంది. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చి తోటలకు తోటలు పోయాయి. 2023లో గుంటూరు యార్డులో క్వింటా 20 వేలు దాటింది. 2025 ఫిబ్రవరికి కేంద్రమే జోక్యం చేసుకుని 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. అంత ఎత్తుపల్లాల మీద వాయిదాలు కట్టడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఒక పంట పెట్టుబడి, ఏడాది ఇంటి ఖర్చు పక్కన పెట్టి, మిగిలిన దాంట్లో కొనగలిగితేనే ముందుకెళ్లండి. ఉన్న పొలం కాగితాలు మాత్రం తాకట్టు పెట్టకండి.

నిజమైన రేటు ఎలా తెలుసుకోవాలి?

బ్రోకరు చెప్పేది ఒక రేటు. బేరం తెగిందని ఊళ్లో చెప్పుకునేది రెండో రేటు. డబ్బు పూర్తిగా చేతికొచ్చి రిజిస్ట్రేషన్ అయిపోయింది మూడోది. మీకు కావాల్సింది మూడోదే. ఊపు ఉన్నప్పుడు మొదటి రెండూ పెరుగుతూ పోతాయి, మూడోది కదలదు. ఒకడు అడ్వాన్సు వేసి మూడు నెలల అగ్రిమెంటు రాయించుకుంటాడు. గడువు లోపల ఐదు లక్షలు కలిపి ఇంకొకడికి మారుస్తాడు. వాడు మరొకడికి. రేటు మూడుసార్లు పెరుగుతుంది, పొలం మాత్రం ఇంకా పాత రైతు పేరు మీదే ఉంటుంది. చివర్లో డబ్బు కట్టాల్సినవాడు దొరక్కపోతే అంతా ఒక్కసారిగా కూలుతుంది.

దీన్ని పట్టుకోవడానికి ఒక చిన్న పని చేయండి. మీరు కొనాలనుకున్న పొలానికి నాలుగు పక్కలా ఉన్న సర్వే నంబర్లకు ఈసీ, అంటే ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా, తీయించండి. గత ఏడాదిలో ఎన్ని అమ్మకాలు నిజంగా రిజిస్టరయ్యాయో తెలుస్తుంది. ఊరంతా బేరాల గోల, ఈసీలో ఒక్క అమ్మకం కూడా లేదంటే ఆ రేటు ఇంకా నోటిమాటే. ఈసీలో ఉన్న విలువ చాలాసార్లు ప్రభుత్వ విలువే అయి ఉంటుంది కాబట్టి, అమ్మిన రైతు ఇంటికి వెళ్లి కూర్చోండి. టీ తాగేలోపు అసలు మాట బయటికొస్తుంది. మన ఊళ్లలో కొన్నవాడు దాస్తాడు గానీ అమ్మినవాడు దాచలేడు.

చేలోకి వెళ్లండి, రెండుసార్లు

ఒకసారి బ్రోకరుతో. ఇంకోసారి ఒక్కరే, చెప్పకుండా. వీలైతే గట్టి వాన పడ్డ మర్నాడు.

బండి రోడ్డు మీదే ఆపి డొంక వెంట నడవండి. డొంక చేను దాకా వస్తుందా, మధ్యలో ఎవరి గట్టు మీదుగానో పోవాలా? "ఇన్నాళ్లూ పోతున్నాం కదా" అంటారు. వాళ్లు పోనిచ్చింది పాత యజమానిని, మిమ్మల్ని కాదు. కోత మిషను పట్టే వెడల్పు ఉందో లేదో అడుగులతో కొలవండి.

తర్వాత నీళ్లు. తూము ఎక్కడుంది, దాని నుంచి పంట బోదె ఎన్ని చేలు దాటి ఇక్కడికొస్తుంది? ఈ సంగతి బ్రోకరుని కాదు, కాలువ మీద తిరిగే లస్కరుని అడగండి. వంతులు పెట్టిన ఏడాది ఏ తూముకు నీళ్లు అందలేదో ఆయనకు నోటికి వచ్చు. ప్రకాశం బ్యారేజీ కింద చివరి భూముల సంగతి, రేపల్లె, నిజాంపట్నం వైపు వెళ్లి అడిగితే చెబుతారు. నీళ్లు రావడం ఎంత ముఖ్యమో పోవడం కూడా అంతే ముఖ్యం. మురుగు కాలువ ఎటుంది, పూడిపోయిందా? కొండవీటి వాగు, నల్లమడ వాగు పొంగిన ఏడాది ఈ చేలో ఎన్ని రోజులు నీళ్లు నిలిచాయి? 2024 సెప్టెంబరు 2న బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. ఆ రోజు ఈ పొలం ఎలా ఉందో పక్క రైతు ఫోన్‌లో ఫొటో ఉంటుంది, అడగండి. కరెంటు స్తంభం మీద బురద గీత ఇంకా కనిపించినా కనిపించొచ్చు.

పలుగు, పార తీసుకెళ్లండి. రెండు చోట్ల మోకాలి లోతు గొయ్యి తీయండి. పైన నల్లరేగడి కనబడుతూ కింద అడుగున్నరలోనే సుద్ద తగలొచ్చు. ఎండాకాలంలో వెళితే గట్ల వెంట తెల్లగా పొక్కులు తేలాయా చూడండి, అది చవుడు. బోరుంటే నీళ్లు నోట్లో పోసుకుని ఉప్పగా ఉన్నాయేమో చూడండి. మా బాబాయి పొలం చూడ్డానికి ఎక్కడికెళ్లినా ముందు బోరు దగ్గరికే పోయేవాడు. పుక్కిలించి ఉమ్మేసి "ఇది మన బేరం కాదు" అని బండెక్కేసేవాడు. ఆ తర్వాత రేటెంతన్నా వినేవాడు కాదు. నమ్మకం చాలకపోతే మట్టి, నీళ్లు రైతు సేవా కేంద్రంలో ఇచ్చి పరీక్ష చేయించండి.

దూరంగా చవకగా వస్తుందని పల్నాడులోనో ప్రకాశంలోనో కొనేవాళ్లు ఈ పరీక్షలన్నీ ఇంకా గట్టిగా చేయాలి. దూరపు కొండలు నునుపు. ఇక్కడ ఎకరం అమ్మి అక్కడ ఐదెకరాలు కొన్నవాళ్లలో బాగుపడ్డవాళ్లు ఉన్నారు, కానీ వాళ్లు అక్కడికి మకాం మార్చినవాళ్లు. నెలకోసారి కారులో వెళ్లి చూసొచ్చేవాళ్ల చేలో పంట కంటే తుమ్మ బాగా పెరుగుతుంది. ఒక సంగతి మర్చిపోవద్దు. మీరు అమ్మే పొలం పట్టణానికి దగ్గరైతే, జనాభాను బట్టి మున్సిపల్ హద్దు నుంచి రెండు, ఆరు, ఎనిమిది కిలోమీటర్ల లోపు పడితే, లాభం మీద ఆదాయపు పన్ను పడుతుంది. మీరు సాగు చేసిన భూమై ఉండి, రెండేళ్ల లోపల వేరే వ్యవసాయ భూమి కొంటే మినహాయింపుకు వీలుంది. అమ్మకముందే ఆడిటర్ని కలవండి.

కాగితాలు

రెవెన్యూ శాఖ వెబ్‌సైటు మీభూమిలో 1-బి (యజమాని ఎవరో చెప్పే రికార్డు), అడంగల్ (సాగు వివరాల రికార్డు) చూడండి. రెండిట్లోనూ అమ్మేవాడి పేరు, విస్తీర్ణం ఒకేలా ఉండాలి. రీసర్వే అయిన ఊరైతే పాత సర్వే నంబరు పోయి ఎల్‌పీఎం నంబరు, అంటే కొత్త కొలతల పటం నంబరు, వచ్చి ఉంటుంది. పాత దస్తావేజులో ఎకరం ఇరవై, కొత్త లెక్కలో ఎకరం పదమూడు అని ఉంటే మీరు డబ్బు కట్టాల్సింది పదమూడుకే. ఏడు సెంట్లు చిన్న విషయంలా కనిపిస్తుంది. ఎకరం 60 లక్షల దగ్గర అది 4 లక్షల 20 వేలు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి కాబట్టి, పాత ఉమ్మడి గుంటూరు జిల్లా ఊరు ఇప్పుడు పల్నాడులోనో బాపట్లలోనో ఉండొచ్చు. ఆన్‌లైన్‌లో వెతికేటప్పుడు అది గుర్తుంచుకోండి.

రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా, 22-ఏ అంటారు, అందులో ఆ నంబరు ఉందా చూడండి. అసైన్డ్, దేవాదాయ, వక్ఫ్ భూములు అందులో ఉంటాయి. అసైన్డ్ భూమి అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. ఆ తర్వాత సవరణలొచ్చాయని, ఇరవై ఏళ్లు దాటితే అమ్ముకోవచ్చని బ్రోకరు చెబుతాడు. అలాంటి పొలం నేనైతే ముట్టుకోను. పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో పట్టాదారు పేరు ఉండాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేసిన చుక్కల భూములైతే, వాటి చిక్కు తీరాకే మాట్లాడండి.

మన దగ్గర ఎక్కువ కేసులు వచ్చేది దొంగ కాగితాలతో కాదు, సంతకం పెట్టని ఆడపడుచులతో. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ల హక్కుకు మన రాష్ట్రం 1986లోనే చట్టం చేసింది, 2005లో దేశమంతా వచ్చింది. తాతల నాటి పొలమైతే వంశవృక్షం రాయించుకుని, అందులో ఉన్న ప్రతి ఒక్కరితో, అమెరికాలో ఉన్న చిన్నకూతురితో సహా, దస్తావేజు మీద సంతకం చేయించాలి. "మా అక్క మాట మీద నిలబడే మనిషండీ" అంటారు. నిలబడే మనిషే కావచ్చు. ఆమె పిల్లలు నిలబడతారా?

ఈసీ కనీసం ముప్పై ఏళ్లకు తీయించండి. లింకు దస్తావేజులన్నీ, అంటే ఆ పొలం ఇంతకుముందు చేతులు మారిన కాగితాలన్నీ, చూడమని, అమ్మేవాళ్లతో సంబంధం లేని లాయరుకివ్వండి. ఆయన ఫీజు దగ్గర బేరమాడొద్దు.

డబ్బు ఇచ్చేటప్పుడు

అడ్వాన్సు ఎంత తక్కువైతే అంత మంచిది. అగ్రిమెంటులో సర్వేయరు కొలిచిన విస్తీర్ణానికే డబ్బు అన్న మాట, ఎవరైనా అడ్డం తిరిగితే అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలన్న మాట రాయించండి. కొలిచేటప్పుడు నాలుగు పక్కల రైతులూ అక్కడ ఉండాలి. వాళ్లు లేకుండా వేసిన రాయి పది రోజులు కూడా నిలవదు.

రిజిస్ట్రేషన్ ఖర్చు మొత్తం ఏడున్నర శాతం: స్టాంపు డ్యూటీ ఐదు, బదిలీ సుంకం ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు ఒకటి. ఇది మిగుల్చుకుందామని దస్తావేజులో ప్రభుత్వ విలువే రాసి మిగతాది చేతికివ్వడం అలవాటైపోయింది. స్థిరాస్తి బేరంలో 20 వేలు, ఆ పైన నగదు తీసుకుంటే పన్ను చట్టం ప్రకారం తీసుకున్నవాళ్లకు అంతే జరిమానా పడొచ్చు. దాని సంగతి అలా ఉంచండి. రేపు రింగు రోడ్డుకో రైల్వేకో మీ పొలం సేకరణలోకి వెళితే, 2013 చట్టం కింద పరిహారం లెక్కగట్టేది ప్రభుత్వ విలువను, చుట్టుపక్కల గత మూడేళ్ల దస్తావేజుల్లో ఉన్న ధరను చూసి. 60 లక్షలకు కొని 20 లక్షలని రాసుకున్నవాడు ఆ రోజు ఏ కాగితం చూపిస్తాడు? ఏ రోడ్డు వస్తుందని ఆశపడి కొన్నారో, ఆ రోడ్డు మీ చేను మీదుగానే పోతే మీకు తగిలేది ఇదే దెబ్బ. కొనేముందు తహసీల్దారు ఆఫీసులో భూసేకరణ నోటిఫికేషన్లు ఉన్నాయేమో కూడా అడగండి.

భూపరిమితి గురించి ఒక్క మాట. 1973 చట్టం ప్రకారం ఐదుగురి కుటుంబానికి మాగాణి అయితే నేలను బట్టి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 దాకా. రెండు మూడెకరాలవాళ్లకు దీనితో భయం లేదు.

రిజిస్ట్రేషన్ అయిన వారంలో 1-బిలో మీ పేరు ఎక్కిందో లేదో చూసుకోండి, ఎక్కకపోతే సచివాలయంలో అడిగి వెంట పడండి. హద్దు రాళ్లు పాతించి, వాటి పక్కన మీరు నిలబడి ఫొటో తీయించుకోండి. పాత కౌలు రైతు చేలో ఉంటే పంట తీసేదాకా ఆగి, కదిలించే ముందు ఆయన బాకీలేమైనా పాత యజమాని దగ్గర ఉన్నాయేమో కనుక్కోండి. ఆ తర్వాత ఒక సాయంత్రం పై చేను రైతు దగ్గరికి వెళ్లి, బోదె ఈ ఏడాది ఎవరు బాగు చేయిస్తున్నారో, మీ వాటా ఎంతో అడగండి.